గోనెపట్ట

సైదాపురంలో మూతబడ్డ గని వెనక,
చిల్లచెట్టు బానెట్టులోంచి మొలిచిన పాత డాడ్జి ట్రక్కును
క్రేనుతో లాక్కొచ్చి నా షెడ్డు ముందు దించారు.
పొదలకూరు, నిమ్మకాయల మార్కెట్టు దాటాక ఎడమ పక్క.
బోర్డు మీద ఖాజా వరకే కనిపిస్తుంది, మస్తాన్ ఎండకు పోయాడు.

యజమాని రొయ్యల చెరువుల మనిషి.
"వెలిగొండలెక్కాల. ఎండలో ఆక్కూడదు.
తాళం తిప్పితే లెయ్యాలన్నా" అని
బొంబాయి నుంచి తెప్పించిన ఇంజెక్షన్ కిట్టు పెట్టె తెరిచాడు.
నూనె చేతులు లుంగీకి తుడుచుకుని మరీ ముట్టుకున్నాను.

ముందు ట్యాంకు దించాను.
అడుగున తుప్పు, ఎండిన బల్లి,
తుప్పులో మిణుకుమిణుకుమని కాకిబంగారం.
మూడుసార్లు కడిగాను, పోలేదు.
పిండిన గుడ్డలో మెరుపు, గోళ్ళ కింద మెరుపు,
రాత్రి అన్నం కలుపుతుంటే కంచం అంచున మెరుపు.
"నగల కొట్లో చేరావా ఏంది" అంది మా ఆవిడ.

ఆరు వోల్టుల బండిని పన్నెండు చేశాను.
కార్బురేటరు నట్లలో చివరిది గంటసేపు ఏడిపించింది.
నిజం చెప్పొద్దూ, విప్పడానికి నాకూ మనసు రాలేదు.
ఉస్తాదు దిద్దించిన అలిఫ్ బే అదే కదా:
జెట్టులో ఊదు, ఫ్లోటు చెవి దగ్గర ఊపు,
స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పు,
ఆపైన చెవికే వదిలెయ్.

కొత్తదానికి నా చెవితో పనిలేదు.
పొగగొట్టంలో ముక్కు దూర్చి తనే వాసన చూస్తుంది,
తనే లెక్క కడుతుంది,
తప్పు నాదైతే ఎర్రదీపం వెలిగించి ఊరుకుంటుంది.

పంపు రెండు క్షణాలు జుయ్యిమంది.
ఇంజను లేచింది. సుభానిగాడు ఈలేశాడు.
పదకొండు నిమిషాలు.
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం.
దగ్గింది, వణికింది, చచ్చింది.
ఆ ఇంజనులో గాలి దోవ, పొగ దోవ ఒకే పక్క,
ఒకే పొయ్యి దగ్గర తోడికోడళ్ళు;
ఒకదాని సెగ ఇంకోదానికి తగలక మానదు.

మనవడి మోపెడ్డు కోసం వచ్చిన వెంగమ్మ
ట్రక్కు చుట్టూ తిరిగింది.
వెనక తలుపు సొట్టలో అరచెయ్యి పెట్టింది.
"ఇది ఎండలకు ఇట్టనే చేస్తాది.
డ్రైవరు పంపు మీద తడి గోనెపట్ట కప్పేవాడు.
మా తాగేనీళ్ళ కుండ దీనికి పోసి
మమ్మల్ని సాయంత్రందాకా నోరెండబెట్టేవాడు సచ్చినోడు."

"ఇప్పుడన్నీ వైర్లమ్మా, తడి తగిల్తే పాతికవేలు" అన్నాను.
ఏమీ అనకుండా పోయింది.

మర్నాడు గుడ్డమూటతో వచ్చింది.
విప్పితే పుస్తకమంత అభ్రకం పలక, పక్కన పిడి అరిగిన కత్తి.
"ఇరవై రెండేళ్ళు చీల్చినా. నేను దొంగిలించింది ఇదొక్కటే,
కొంగులో పెట్టుకుని, ఈ బండిలోనే కూచొని."
అంచున కత్తి ఆనించి చిన్నగా కదిపింది.
ఒక పొర లేచింది. దాని కింద ఇంకొకటి.
వేళ్ళకు కళ్ళుండటం అంటారే, అదేదో చూశాను.
"ఎంత మందం కావాల?"
సమాధానం నాకు తెలీదు. తనే ఆపింది.

రెండు రేకుల మధ్య ఆ పొరలు బిగించి
సెగకూ కిట్టుకూ మధ్య అడ్డం పెట్టాను.
ఇరవై నిమిషాలు. నలభై.
టీ తాగొచ్చాం, ఇంకా తిరుగుతానే ఉంది.

"ఎక్కు వెంగమ్మా, ఒక చుట్టు" అన్నాను.
"అమ్మో, దాంట్లో ఎక్కితే రెండ్రోజులు ఒళ్ళంతా దురద" అని
మోపెడ్డు తోసుకుంటూ పోయింది.
డబ్బుల మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.
బిల్లులో అభ్రకం అని రాసి, ఎదురుగా ఏం వెయ్యాలో తెలీక
టీ చల్లారేదాకా పెన్ను పట్టుకుని కూచున్నాను.

బండి పోయే ముందు, ఎవరికీ చెప్పకుండా,
కార్బురేటరు శుభ్రంగా కడిగి
పొడి గోనెపట్టలో చుట్టి
సీటు కింద తోశాను.
పెంచలకోన దాటాక మెకానిక్కులు లేరు.
నీళ్ళ కుండ ఎవరిదైనా దొరక్కపోదు.